దిగిన చోట్లు

చిక్కడపల్లిలోని ఆ సందులో పాలవాడి కంటే ముందు లేచేది ఆశమ్మ. ముఖం కడుక్కొని కూతుర్ని లేపడంతో ఆమె రోజు మొదలవుతుంది. ఇల్లంటే పెద్దగా ఏమీ కాదు. ఇంకా కడుతున్న అపార్ట్‌మెంటు కింది అంతస్తులో రెండు ఇటుక గోడలు, వాటికి అడ్డంగా ఒక టార్పాలిన్. భర్త బుగ్గయ్య ఆ బిల్డింగుకే మేస్త్రీ. పగలు గోడలు కడతాడు, రాత్రి వాటికి కాపలా పడుకుంటాడు.

కూతురు సరిత కళ్ళు నులుముకుంటూ బల్బు కింద కూర్చొని బైబిలు తెరుస్తుంది. ఆశమ్మకు చదువు రాదు కాబట్టి రోజుకో అధ్యాయం కూతురు చదవాలి, తల్లి వినాలి. మొదటి పేజీ నుంచి వరుసగా వస్తున్నారు. ఒక్కటి కూడా వదలడానికి వీల్లేదు. పేర్లూ లెక్కలూ వచ్చిన చోట సరిత రెండు పేజీలు కలిపి తిప్పబోతే ఆశమ్మ చెవి ఇట్టే పట్టేస్తుంది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే నడుమ లేచిపోతామా, మరి దేవుని ముందు నుంచి ఎందుకు లేస్తావు అని నిలదీస్తుంది. బీఈడీ చదివిన సరిత మళ్ళీ వెనక పేజీకి తిప్పుతుంది.

రెండువేల పదమూడు జూన్ నెలలో వాళ్ళు ఎడారిలో ఉన్నారు. అంటే, ఐగుప్తు దేశపు బానిసత్వం నుంచి బయటపడ్డ జనం, దేవుడు దారి చూపే మేఘం వెనక నడిచే అధ్యాయాల్లో ఉన్నారు. మేఘం లేస్తే గుడారాలు పీకాలి, ఆగితే దిగాలి. ఎన్నాళ్ళుండాలో, తర్వాత ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆశమ్మకు ఈ భాగమంటే ప్రాణం. బయట బుగ్గయ్య నిన్న కట్టిన గోడకు పైపుతో నీళ్ళు పడుతుంటాడు. వింటున్నాడో లేదో తెలియదు. ఆయన చర్చికి రాడు. రానని కూడా ఏనాడూ అనలేదు.

ఆ శుక్రవారం మాత్రం తల్లికీ కూతురికీ ఇద్దరికీ మనసు అధ్యాయం మీద లేదు. సరిత రాసిన సర్కారు పరీక్ష ఫలితాలు ఆ రోజే వస్తున్నాయి. చిక్కడపల్లి లైబ్రరీలో రెండేళ్ళుగా, తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా కూర్చొని చదివిన పరీక్ష అది. బందులతో ఓసారి, ధర్నాలతో ఓసారి వాయిదా పడి, చివరికి ఎలాగో జరిగింది.

ఇక్కడ మే నెలలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. గాంధీనగర్‌లో ఒక మేడ మీది హాలు వాళ్ళ చర్చి. ఆదివారం పాటలయ్యాక ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. దాన్ని సాక్ష్యం అంటారు. జ్వరం తగ్గిందనో, పోయిన రేషన్ కార్డు దొరికిందనో చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. మేలు జరగకముందే జరిగినట్టు చెప్పేవాళ్ళు కూడా కొందరున్నారు. అలా చెప్పడమే గట్టి విశ్వాసమని వాళ్ళ నమ్మకం. ఆశమ్మ కూడా అలాగే చేసింది. నా బిడ్డకు దేవుడు సర్కారు నౌకరి ఇచ్చిండు అని నిలబడి చెప్పింది. ఇస్తడని కాదు, ఇచ్చిండని. పైగా వంట పనిలో వచ్చే తన జీతంతో కొన్న బూందీ లడ్డూలు హాలంతా పంచింది. సరితకు కుర్చీ కిందికి దూరిపోవాలనిపించింది. లడ్డూ తిన్నవాళ్ళందరూ వచ్చి ఆమెతో చెయ్యి కలిపారు మరి.

శుక్రవారం మధ్యాహ్నం నారాయణగూడలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో సరిత తన నంబరు కోసం మూడుసార్లు వెతికింది. లేదు. వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెడితే కుర్చీలోంచి లేచింది. రోడ్డు దాటుతుంటే ఏడుపు కూడా రాలేదు. లడ్డూలే కళ్ళ ముందు కనిపించాయి.

లైబ్రరీ గేటు దగ్గర మంజుల ఎదురైంది. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి, అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో ఉండి అవే పరీక్షలకు చదువుతున్న అమ్మాయి. ఆశమ్మ వంట చేసేది ఆ హాస్టల్‌లోనే. సరిత వాళ్ళ టార్పాలిన్‌కు ఇంటి నంబరు లేదు కనుక ఆమె ఉత్తరాలన్నీ ఆ హాస్టల్ చిరునామాకే వస్తాయి. మంజుల ఆమె ముఖం చూసి సంగతి గ్రహించింది.

"పోనీ తియ్ అక్క. గా అమ్రాబాద్ దిక్కు స్కూల్ నుంచి లెటర్ వచ్చింది గద, గదైతే ఉన్నది నీకు" అంది.

"ఏ లెటర్?"

మంజుల నాలుక కరుచుకుంది. ఇక దాచడం చేతకాక చెప్పేసింది. మూడు వారాల కిందట ఆశమ్మ ఒక కవరు తెచ్చి తనతో చదివించుకుంది. అడవి ప్రాంతంలోని ఆడపిల్లల గురుకుల పాఠశాలలో కాంట్రాక్టు టీచరు పోస్టు. జూన్ పదో తారీఖు లోపల వచ్చి చేరాలి. ఏప్రిల్‌లో సరిత ఇంటర్వ్యూకు వెళ్ళి, కబురు రాకపోయేసరికి ఆశ వదులుకున్న ఉద్యోగమే అది. ఆ రోజు జూన్ పద్నాలుగు.

సరిత నేరుగా హాస్టల్ వంటింటికి వెళ్ళింది. ఆశమ్మ ఎనభై మందికి చపాతీలు ఒత్తుతోంది. తోటి వంటామె మాసమ్మ, చర్చికి కూడా ఆశమ్మతోనే వచ్చే మనిషి, పెనం దగ్గర కాలుస్తోంది.

"లెటర్ ఏదమ్మ?"

ఏ లెటరని ఆశమ్మ అడగలేదు. చేతి పిండి దులుపుకొని, అటక దగ్గర చింతపండు డబ్బా జరిపి, దాని కింద నుంచి కవరు తీసి ఇచ్చింది. కవరుకు ఒక మూల జిడ్డు అంటి ఉంది.

"ఎందుకు దాచినవ్?"

"దేవుడు సర్కారు నౌకరి ఇచ్చిండని అందరి ముందట చెప్పిన బిడ్డ. మల్ల గా అడవిల చిన్న నౌకరికి నిన్ను తోలితే నేను దేవుణ్ణి నమ్మనట్టే గద. ఇయ్యాల కాకపోతే రేపు వస్తదని ఆగిన."

"రాలే. నా నంబర్ లేదు."

పెనం మీద చపాతీ మాడుతున్నా మాసమ్మ తిప్పడం మరిచిపోయింది.

"నాకు దేవుడే చెప్పినట్టు అనిపించింది బిడ్డ" అంది ఆశమ్మ చిన్నగా.

"దేవుడు చెప్పలే. నువ్వు చెప్పినవ్. నీ కోరిక తెచ్చి ఆయన నోట్ల పెట్టినవ్. ఆయన నిజంగ చూపెట్టిన తొవ్వనేమో చింతపండు డబ్బా కింద పెట్టినవ్." సరిత గొంతు పెంచలేదు. అదే ఎక్కువ బాధించింది. "రేపటి సంది నేను సదవ. నీ దేవుని పుస్తకం నువ్వే సదువుకో."

అక్షరం ముక్క రాని మనిషిని అనే మాటా అది? అన్న మరుక్షణమే సరితకు తెలిసింది. కానీ అప్పటికే గుమ్మం దాటింది, వెనక్కి రావడానికి కోపం ఒప్పుకోలేదు. కవరు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే అవతల గుమాస్తా విసుక్కున్నాడు. గడువు దాటిపోయిందన్నాడు. ప్రిన్సిపల్ మేడమ్ ఊళ్ళో లేరని, సోమవారం నేరుగా వచ్చి అడిగి చూడమని, అప్పటికి పోస్టు ఉంటుందో లేదో తాను చెప్పలేనని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం సరిత అన్నం ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. సంగతంతా మాసమ్మ చెప్పగా బుగ్గయ్యకు ముందే తెలిసింది. ఆయన అన్నం తిని, కంచం కడిగి, గోడకానుకొని కూర్చున్నాడు.

శనివారం పొద్దున్నే సరితకు తనంతట తానే మెలకువ వచ్చింది. ఆశమ్మ బల్బు వేసి, బైబిలు ముందు పెట్టుకొని, ఎప్పటి చోట ఎప్పటిలాగే కూర్చొని ఉంది. కూతుర్ని లేపలేదు, పిలవలేదు. తనకు తెలియని అక్షరాలను అలా చూస్తూ కూర్చుంది. సరిత వచ్చి, పుస్తకం తన వైపు లాక్కొని, ఆగిన చోటు నుంచి చదవసాగింది.

కోపం ఇంకా పోలేదు. పైగా ఆ రోజు వంతు వచ్చిన అధ్యాయం ఉత్త పట్టిక. ఆ జనం నలభై ఏళ్ళలో ఎక్కడెక్కడ దిగారో ఆ చోట్ల పేర్లు. ఒక చోట లేచారు, ఇంకో చోట దిగారు. అక్కడ లేచారు, మరో చోట దిగారు. కథ లేదు, నీతి లేదు. నోరు తిరగని పేర్లు నలభై పైచిలుకు. హాజరు పిలిచినట్టు ఒకే గొంతుతో చదివేసి ముగించింది.

బయట నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. టార్పాలిన్ పక్కకు జరిపి బుగ్గయ్య లోపలికి వంగాడు.

"గది ఇంకోసారి సదువు బిడ్డ" అన్నాడు.

తల్లీకూతుళ్ళు ఇద్దరూ తెల్లబోయారు. ఇన్నేళ్ళలో కూతురు చదివే దాని గురించి ఆయన ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. సరిత మళ్ళీ చదివింది. ఈసారి నెమ్మదిగా. బుగ్గయ్య తడి చేతులతో అలాగే గొంతుక్కూర్చొని, ఒక్కో పేరుకూ తల ఊపుతూ విన్నాడు.

"ఇయన్ని ఎవరు రాసి పెట్టమన్నరు?"

"దేవుడే రాయమన్నడు అని ఉన్నది నాయిన."

"గుడిసె ఏసుకున్న ప్రతి జాగ?"

"ప్రతి జాగ."

రాజుల కోటల గురించి రాసిపెడతారని బుగ్గయ్యకు తెలుసు. కూలి జనం మూటలు దించుకున్న జాగాలు లెక్కబెట్టి పేరు పేరునా రాయించుకున్న దేవుడు ఉన్నాడని ఆ పొద్దే తెలిసింది. లేచి, నీళ్ళ పైపు చుట్టి పక్కన పెట్టాడు.

"చెప్పులు ఏసుకోండ్రి ఇద్దరు. నాతోని రాండ్రి" అన్నాడు.

పని నాగా పెట్టి బుగ్గయ్య పొద్దున్నే బజారున పడటం ఆశమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు. తాము ఉన్న చోట్లను మొదటిదాని నుంచే చూడాలంటూ ముందు బర్కత్‌పుర తీసుకెళ్ళాడు. ఒక మూడంతస్తుల బిల్డింగు ముందు ఆగి దాని ప్రహరీ మీద అరచెయ్యి ఆనించాడు. పాలమూరులో కరువొచ్చి, కొత్త పెళ్ళాంతో పట్నం వచ్చి మొదట కట్టిన గోడ అదేనట. సరిత పుట్టింది దాని సెల్లార్‌లో. కాపలా మనిషి వచ్చి ఎవరు గావాలె అని గద్దిస్తే, ఎవరూ వద్దు, ఇది నేను కట్టిన అన్నాడు బుగ్గయ్య. కాపలా మనిషి ఒక్క క్షణం చూసి, గేటు తెరిచి పట్టుకున్నాడు.

అక్కడి నుంచి బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసుల బిల్డింగు. ఆ తర్వాత నారాయణగూడలో రెండు. ఒకదాని మెట్ల కింద సరిత బొగ్గుతో అ ఆలు దిద్దింది. ఇంకొకదాని టెర్రస్ మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, ఆమెకు అమ్మవారు పోస్తే తొమ్మిది రోజులు ఉన్నారు. ఒక్కో చోట స్లాబు పడి, టైల్స్ అయిపోయే రోజు వచ్చేసరికి తనకు నిద్ర పట్టేది కాదని బుగ్గయ్య చెప్పాడు. ఇల్లుగలవాళ్ళు పాలు పొంగించుకునే రోజు తమకు దిక్కులేని రోజు. ఆ మాట ఆయన నోట వినడం సరితకు అదే మొదలు. ఆ బిల్డింగుల్లో ఇప్పుడు బట్టలు ఆరుతున్నాయి, కుక్కర్లు కూస్తున్నాయి, ఎవరి పిల్లలో స్కూలుకు తయారవుతున్నారు. ఆ గోడల మధ్య తన చిన్నతనం ముక్కలు ముక్కలుగా ఉందని ఎవరికీ తెలియదు.

అశోక్‌నగర్‌లో నాలా పక్క బిల్డింగు దగ్గరికి రాగానే ఆశమ్మ నడక తగ్గింది.

"ఇది యాదికున్నదా?" అన్నాడు బుగ్గయ్య.

ఆమెకు బాగా గుర్తుంది. రెండువేల సంవత్సరం ఆగస్టు నెల. దీని సెల్లార్‌లోనే ఉండేవాళ్ళు. ఏదో మాటకు మాట పెరిగి ఆ కాంట్రాక్టరు ఒక పూటలో సామాను బయట పారేయించాడు. వానలో మూట నెత్తిన పెట్టుకొని, చిక్కడపల్లిలో గోడలు లేని ఒక మూడో అంతస్తు స్లాబు మీద తలదాచుకున్నారు. ఆ రోజు ఆశమ్మ దేవుణ్ణి నోటికొచ్చినట్టు అడిగింది. మా మీదనే ఎందుకు నీకు పగ అని ఏడ్చింది. మూడో రోజు కుండపోతగా వాన కురిసి, నాలా పొంగి, అశోక్‌నగర్‌లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి.

"సెల్లార్ కప్పుదాక నిండింది" అన్నాడు బుగ్గయ్య. "మనం పోయినంక అండ్ల సిమెంటు బస్తాలు పెట్టిండ్రు. నీళ్ళు తీసినంక జూస్తే అన్ని రాళ్ళయినయ్. మల్ల కూలికి పిలిస్తే నేనే పగలగొట్టిన వాటిని. మనం పండుకునే జాగల ఉండె ఆ బస్తాలు."

అప్పుడు సరితకు పదకొండేళ్ళు. పుస్తకాలు తడిశాయని ఏడ్చిన ఏడుపు ఒక్కటే ఆమెకు గుర్తుంది. ఆ సెల్లార్ కిటికీ ఊచల్లోంచి లోపలి చీకట్లోకి చూస్తూ నిలబడిపోయింది. ఆ పొద్దున్న ఆమె విసుగ్గా చదివిన పేర్లలో ప్రతి పేరు వెనకా ఇలాంటి ఒక చోటు ఉండి ఉంటుంది. ఒక తల్లి ఏడ్చిన చోటు, ఒక పిల్ల పుట్టిన చోటు, ఎందుకు లేవాల్సి వచ్చిందో తెలియక లేచిన చోటు. నడిచినవాళ్ళకు అప్పుడు ఏమీ అర్థమై ఉండదు. నడిపించినవాడు మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు. ఆమెకు ఆ వీధిలోనే మోకాళ్ళ మీద పడిపోవాలనిపించింది.

బుగ్గయ్య భార్య వైపు తిరిగాడు.

"పదకొండు జాగలు మారినం. ఒక్కసారన్న నన్ను అడిగినవా, ముందటి జాగ ఎట్లుంటదని? గిన్నెలు మూట గట్టినవ్, నడిచినవ్. నాకు నీ ప్రార్థనలు తెల్వయ్, నీ పాటలు తెల్వయ్. నిన్ను జూసి నీ ఎన్క నడిచిన. గంత ధైర్యం ఉన్నదానివి, బిడ్డకు మాత్రం అన్ని ముందే ఎందుకు కావాలె నీకు?"

ఆశమ్మ నాలా గట్టు మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నా పానానికి ఎన్నడు భయం కాలేదయ్య. దీని కోసం భయమైంది. ఇది గుడ నా లెక్కనే మూట నెత్తిన పెట్టుకొని తిరుగుతదేమోనని భయమైంది. భయమైంది గాబట్టే అంత గట్టిగ చెప్పిన" అంది.

సరిత పక్కన కూర్చొని తల్లి భుజం మీద తల పెట్టింది. నిన్నటి మాటకు క్షమించమని అడిగింది. ఎవరు ఎవర్ని క్షమించాలే అని ఆశమ్మ ఆమె జుట్టు నిమిరింది. లెటర్ దాచినందుకు తనే కూతురి రెండు చేతులు పట్టుకుంది. సోమవారం పొద్దున బస్సుకు సరిత అమ్రాబాద్ దిక్కు వెళ్ళాలని అక్కడే అనుకున్నారు. పోస్టు ఉంటుందో ఊడుతుందో వెళితేనే తెలుస్తుంది.

ఆదివారం ఆశమ్మ చర్చికి రాదేమో అని సరిత భయపడింది. వచ్చింది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు సాక్ష్యాలు చెప్పమనగానే అందరికంటే ముందు లేచింది. సర్కారు నౌకరి సంగతి వినడానికి అందరూ నవ్వు ముఖాలతో ఇటు తిరిగారు.

"పోయిన నెల ఈడ నిలబడి నా బిడ్డకు నౌకరి వచ్చిందని చెప్పిన. రాలే. దేవుడు నాతోని గట్ల చెప్పలే. నా భయానికి నేనే చెప్పుకొని, ఆయన పేరు పెట్టిన. తప్పయింది. మీరందరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

ముందు వరసలో ఒకామె తల దించుకుంది.

"రేపు నా బిడ్డ దూరం పోతున్నది. ఆడ పని ఉన్నదో లేదో తెల్వది. ఉంటే ఎన్నొద్దులో తెల్వది. నాకు ఏం తెల్వది. తీస్కపోయేటోడు తెలిసినోడు, గంతే. ఇదే నా సాక్ష్యం."

కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దానికి చప్పట్లు ఎలా కొట్టాలో ఎవరికీ అర్థం కాలేదు. సరిత ముఖం వేడెక్కింది, కానీ ఈసారి సిగ్గుతో కాదు. అక్షరం రాని ఆ మనిషి పక్కన కూర్చోవడం ఎంత గొప్ప సంగతో ఆమెకు ఇప్పుడే తెలుస్తోంది.

అప్పుడు వెనక వరసలో మాసమ్మ లేచింది. గుండె ఆపరేషన్ కావాల్సిన మనవడి గురించి ఎప్పుడూ బాగవుతాడనే చెప్పేది. "బాగైతడో లేదో నాకు తెల్వది. దేవుణ్ణి మాత్రం ఇడువ" అని కూర్చుంది. మగవాళ్ళ వైపు నుంచి ఒక ఆటో నడిపే ఆయన లేచి, దుబాయిలో కొడుకు జాడ ఎనిమిది నెలలుగా తెలియదన్నాడు. అన్నిసార్లు ఆ హాలుకొచ్చి ఈ మాట ఎవరికీ చెప్పలేదట. ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు. అంత బరువు మోసుకుంటూ వీళ్ళంతా ప్రతి ఆదివారం అన్ని మెట్లు ఎక్కి వచ్చి చప్పట్లు కొట్టారా అని సరిత నివ్వెరపోయింది.

చివరికి అయ్యగారే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ హాలు ఖాళీ చెయ్యమని ఓనరు గారు బుధవారమే చెప్పారు. మీరు కంగారు పడతారని దాచాను. వచ్చే ఆదివారం మనం ఎక్కడ కలుసుకుంటామో నాకూ తెలియదు" అన్నారు.

ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకి, నవ్వుతూనే సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరే మోకరించారు. సరిత కూడా మోకరించింది. చుట్టూ ఇంతమంది, ఒక్కరికీ రేపటి సంగతి తెలియదు, అయినా ఒక్కరూ లేచి వెళ్ళిపోలేదు. వీళ్ళందర్నీ ఒకేసారి చేతిలో పట్టుకున్నవాడు ఎంత పెద్దవాడో అనుకుంటే ఆమె గుండె నిండి, ప్రార్థనకు మాటే దొరకలేదు.

పక్కన ఆశమ్మ మాత్రం మెల్లగా ఆమె చెవిలో గొణిగింది.

"బస్సు ఎన్ని గంటలకు బిడ్డ?"

"ఆరింటికమ్మ."

"సద్ది గడత" అంది ఆశమ్మ, మళ్ళీ కళ్ళు మూసుకుంది.